కొరకని దారం

జూన్ 4

ఇది రాయకూడదనే అనుకున్నాను. రాసి ఎవరికి చూపించాలి? ఇన్నేళ్ళూ నేను చేసింది ఇతరులు రాసుకునే పుస్తకాలకు కుట్టు వేసి అట్ట కట్టడమే. లోపల ఏముందో మనకెందుకు అంటూనే బైండింగుకు వచ్చిన ప్రతి పుస్తకమూ చదివేశాను. నా చదువంతా అలా అబ్బిందే. గుర్రాల వైద్యం, గుడ్డల అద్దకం, వారసత్వ చట్టం, ఖగోళం. ఖగోళం రెండో భాగం ఎవరూ కుట్టించుకోలేదు కాబట్టి గ్రహాలు దాటాక ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ డైరీ ఒక ఆఫీసువాళ్ళు తిప్పిపంపిన సరుకు. ఏప్రిల్ నెల తలకిందులుగా కుట్టేశాను. నాకు ఏప్రిల్‌తో పనిలేదు.

ఇలా సోది మొదలెట్టగానే మా మేనల్లుడు "అసలు విషయానికి రా మామయ్యా" అనేవాడు. ఇప్పుడు అనేవాడు ఇంట్లో లేడు. అందుకే రాయడం.

అసలు విషయం. వాడు లిఫ్టు మెకానిక్కు. ఊరి నడుమ కడుతున్న పెద్ద మేడలో కూలీలను పైకి చేరవేసే లిఫ్టు తెగిపడి ఇద్దరు పోయారు. తీగ మార్చాలని వాడు ముందే మొత్తుకున్నాడు. మొత్తుకున్నానని పత్రికలవాళ్ళ ముందు కూడా చెప్పాడు. ఆ వారంలోనే ఒక పొద్దున మా షాపు ముందు తెల్ల జీపు ఆగింది. మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు దిగారు, వాణ్ణి ఎక్కించుకుని పోయారు. నేనూ చెల్లెలూ చూస్తూ ఉండగానే.

పోలీసులు మాత్రం, అసలు మేం తీసుకెళ్ళనే లేదంటున్నారు.

షట్టరు సగమే దించాను. గాలి ఆడాలి కదా.

జూన్ 6

స్టేషనుకు మళ్ళీ వెళ్ళాం. ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించాడు. మర్యాద చూసి భయం వేసింది.

"పెద్దాయనా, కుర్రాడికి అప్పులున్నాయా?"

"లేవండి."

"పోనీ, ఎవరైనా అమ్మాయి?"

"మీ జీపులో ఎక్కించుకెళ్ళారండి," అంది చెల్లెలు.

"జీపు ఎవరికైనా ఉంటుందమ్మా. కొడుకు కనపడకపోతే తల్లికి ప్రతి జీపూ పోలీసు జీపులాగే ఉంటుంది."

ఆ మాట ఎంత దయగా అన్నాడో. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ కుర్చీలో కూర్చున్నవాడు కేకలు వేయలేడు. అందుకే వేయించాడేమో.

జూన్ 10

ఇలాంటి కేసులు పట్టుకునే లాయరమ్మ ఒకామె ఉంది. ఆవిడ దగ్గర లా కాలేజీ పిల్లలు జీతం లేకుండా పనిచేస్తారట. మోకాళ్ళ నొప్పులతో మా చెల్లెలు ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. అందుకని ఇద్దరు పిల్లలు మా షాపుకే వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. జిగురు డబ్బాల మధ్య చోటు చేసి కూర్చోబెట్టాను. లేచేసరికి ఇద్దరి బట్టల నిండా మా దారం పోగులు.

మా దారం గురించి చెప్పాలి. ఊళ్ళో బైండర్లంతా తెల్ల దారం వాడతారు. ఒకసారి వ్యాపారి పొరపాటున మైనం పట్టించిన ఎర్ర దారం మూటలకు మూటలు పంపాడు. తిరిగి పంపే ఖర్చు కంటే వాడుకోవడమే నయమనిపించింది. అప్పట్నుంచి పుస్తకం విప్పితే మధ్యలో ఎర్రగా కనిపిస్తే అది నా చేతిది. ఒక తమాషా హెడ్మాస్టరు దాన్ని చూసి పుస్తకానికి గాయమైందేమిటయ్యా అన్నాడు. కుట్టు చివర నేను వేసే ముడి కూడా వేరే. రెండు మెలికలు తిప్పి వెనక్కి దూరుస్తాను. మేనల్లుడికి అక్షరాల కంటే ముందు ఆ ముడి వచ్చింది.

ఏం చెబుతున్నాను? ఆ, పిల్లలు.

"ఇది హెబియస్ కార్పస్ పిటిషన్ తాతగారూ," అన్నాడు అబ్బాయి. "అంటే, మీ దగ్గరున్న మనిషిని తెచ్చి కోర్టులో నిలబెట్టండి అని పైకోర్టును అడగడం. వాళ్ళు తీసుకెళ్ళారని మనం నమ్మించగలిగితేనే కోర్టు గట్టిగా అడుగుతుంది. లేదంటే తప్పిపోయిన మనిషి కేసని మూసేస్తారు."

"చూసింది చూసినట్టు చెప్పండమ్మా," అంది అమ్మాయి, పెన్ను తీసి.

చెల్లెలు చెప్పింది.

"ఆవేళ కుళాయి రాలేదు తల్లీ. వచ్చుంటే బట్టలు ఉతికేదాన్ని, వేరే చొక్కా వేసుకునేవాడు. విడిచిన చొక్కానే తగిలించుకుని బయల్దేరాడు. చూద్దును కదా, పై బొత్తాం లేదు. విప్పరా కుడతానంటే, టైమవుతోందమ్మా, ఒంటిమీదే కుట్టెయ్ అన్నాడు. ఇంట్లో దారం అయిపోయింది. అన్నయ్య రీలు కనిపిస్తే ఆ ఎర్రదే సూదికెక్కించా. కుట్టేశా. దారం కొరకడానికి వంగా. పళ్ళ మధ్య పెట్టుకున్నా కూడా. అప్పుడే లాగేశారు వాణ్ణి. సూది అలాగే చొక్కాకి వేలాడుతూ వెళ్ళిపోయింది. గుచ్చుకుంటుందేమోనని..."

"అమ్మా, బొత్తాం మనకొద్దు," అంది అమ్మాయి. కటువుగా ఏమీ కాదు. "కుళాయి కూడా వద్దు. ఎంతమంది వచ్చారు, జీపు ఏ రంగు, ఏ వైపు పోయింది. అంతే. ఎక్కువ చెబితే వాళ్ళకి పట్టు దొరుకుతుంది."

ఈ అమ్మాయికి కత్తెర అని పేరు పెట్టాను. నా మాటలూ చాలానే కత్తిరించింది. చదువుకున్న పిల్ల, దానికి తెలియకపోతుందా అనుకున్నాను.

జూన్ 13

పిటిషన్ వేశారు. చెల్లెలి ప్రమాణ పత్రం చదివి వినిపించారు. శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టుంది. "ఇది నేను చెప్పిందేనా అన్నయ్యా?" అంది చెల్లెలు. నువ్వు చెప్పిందే, బాగా చెప్పావు అన్నాను.

గాలి కోసం షట్టరు సగమే.

జూన్ 18

పైకోర్టు ఒక లాయరుగారిని తనిఖీకి పంపింది. స్టేషన్లు, పోలీసుల పాత ఔట్‌పోస్టు, అన్నీ చూసి రమ్మంది. సాయానికి కత్తెర కూడా వెళ్ళింది.

"ఎక్కడా ఎవరూ లేరు తాతగారూ. ఔట్‌పోస్టు మూతపడి చాలా కాలమైందట. ఖాళీ గది, ఓ కిటికీ, దుమ్ము."

నేనేమీ బాధపడలేదు. ఆశ పెట్టుకుంటే కదా.

జూన్ 19

ఏమీ లేదు.

జూన్ 27

తేల్చలేక పైకోర్టు కేసును కింది జడ్జిగారికి అప్పగించింది. సాక్షులను విచారించి, తీసుకెళ్ళారో లేదో తేల్చి నివేదిక పంపమంది. లేదు అని రాశారంటే కథ ముగిసినట్టే. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ అడగరు. ఎక్కడున్నాడో అక్కడ వాణ్ణి ఏం చేసినా అడగరు.

అందుకని పిల్లలు రిహార్సలు మొదలెట్టారు. కాలేజీలో ఉత్తుత్తి కోర్టులు పెట్టి పోటీలు నడుపుతారట, కప్పులు కూడా ఇస్తారట. మా షాపే కోర్టు. కాగితాలు కోసే బల్ల వెనక కత్తెర జడ్జి. అబ్బాయి అట్టలకు వాడే నల్లగుడ్డ భుజాన వేసుకుని ప్రభుత్వ ప్లీడరు. వాడికి అభ్యంతరం అని పేరు పెట్టాను, ఊపిరి తీసినా అభ్యంతరం అంటున్నాడు కనుక.

"అమ్మా, ఆ రోజు మీ కళ్ళజోడు పెట్టుకున్నారా?"

"సూదిలో దారం ఎక్కించాలంటే పెట్టుకోవద్దా నాయనా?"

"సూది వద్దమ్మా," అంది కత్తెర. "పెట్టుకున్నాను అనండి చాలు."

"పెట్టుకున్నాను."

"అద్భుతం."

ప్రతి సాయంత్రం ఇదే తంతు. చెల్లెలు అన్నం వడ్డిస్తూ కూడా "తెల్ల జీపు, ఉత్తరం వైపు" అనుకుంటోంది. నిన్న నన్ను "యువరానర్" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు పోయాక అదే మొదటిసారి నవ్వడం. పోయాక అని రాశాను. తీసుకెళ్ళాక.

జూలై 9

కోపంతోనే రాస్తున్నాను.

చెల్లెలు బోనెక్కింది. నేర్పినట్టే చెప్పింది, ఒక్క మాట తప్పకుండా. నేర్పిన చోటే ఆగింది, నేర్పిన చోటే కళ్ళు తుడుచుకుంది. ప్రభుత్వ ప్లీడరు సన్నటి మనిషి, సన్నటి గొంతు. ఏమీ గద్దించలేదు.

"అమ్మా, చాలా బాగా చెప్పారు. ఇంకోసారి చెప్పండి."

చెప్పింది. అక్షరం పొల్లుపోకుండా.

"ఇంకొక్కసారి."

మూడోసారి కూడా అదే వరస, అదే ఆగడం, అదే కొంగు. కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "సాక్షికి పాఠం చెప్పి పంపినట్టుంది," అని రాయించారు.

కొడుకు కోసం తల్లి ఏడ్చే ఏడుపును ఆ సన్నగొంతు మూడుసార్లు ఆడించి చూపించాడు, బొమ్మకు కీ ఇచ్చినట్టు. పైగా దిగేటప్పుడు మెట్టు జాగ్రత్తమ్మా అన్నాడు. తీసుకెళ్ళినవాళ్ళు వెనక బెంచీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. వాళ్ళను ఒక్కమాట ఇంకోసారి చెప్పమన్న నాథుడు లేడు. మేం తీసుకెళ్ళలేదు అన్నది వాళ్ళకు ఎవరు నేర్పారో అడిగినవాడూ లేడు.

చెల్లెలు దారంతా ఒకటే ప్రశ్న. "ఎక్కడ తప్పు చెప్పానన్నయ్యా?"

అభ్యంతరం సిటీ బస్సులో మాకు దూరంగా, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు. కత్తెర తన పుస్తకాల సంచీని చూసుకుంటూ కూర్చుంది. నాకు వాళ్ళమీద జాలి కలగలేదు. రాయడానికేం, నిజమే రాస్తున్నాను, కలగలేదు. మా చెల్లెలు పోటీలో కప్పు గెలవడానికి వెళ్ళిందా?

జూలై 10

రేపు నేను. లాయరమ్మ వచ్చి ఒకటే చెప్పింది. "అడిగినదానికే జవాబు చెప్పండి. దయచేసి." ఆవిడ నన్నంత ప్రాధేయపడటం చూసి, నా గురించి ఊళ్ళో ఏమనుకుంటారో అర్థమైంది.

జూలై 11

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎవరూ కత్తిరించరు కదా.

సన్నగొంతు లేచాడు. "మీరూ మీ చెల్లెలూ ఒకే ఇంట్లో ఉంటారు. కలిసే ఈ కథ కంఠస్థం చేశారు. అవునా?"

అవును, కాదు అని చెప్పాల్సిన చోటు. అదే చెబుదామనుకున్నాను. కానీ నోరు తెరిస్తే "ఆవేళ కుళాయి రాలేదండి," అని వచ్చింది. ఇక ఆగలేదు. కుళాయి, మాసిన చొక్కా, బొత్తాం, ఇంట్లో దారం దొరక్కపోవడం, నా రీలు, అది ఎరుపు ఎందుకయిందంటే ఒక వ్యాపారి పొరపాటున మూటలకు మూటలు...

లాయరమ్మ నుదురు పట్టుకుంది. కోర్టంతా నవ్వు.

"పెద్దాయనా," అన్నారు జడ్జిగారు, "అసలు విషయానికి రండి."

ఆ మాట వేరేవాళ్ళ నోట విని ఎంతకాలమైందో. విననే లేదేమో.

"ఆ మాట అనేవాడు మావాడండి," అన్నాను. "రోజూ అదే అంటాడు. వాణ్ణి తెప్పించి అనిపించండి, వెంటనే వస్తాను."

నవ్వు ఆగింది. జడ్జిగారు నా వైపు తిరిగి, "సరే, మీ పద్ధతిలోనే చెప్పండి," అన్నారు.

చెప్పాను. చెల్లెలు దారం పళ్ళ మధ్య పెట్టుకున్న సంగతి, వాళ్ళు లాగిన సంగతి, సూదీ దారమూ వేలాడుతూ జీపెక్కిన సంగతి. సన్నగొంతు నవ్వి, "దారం పొడవెంతో కూడా చెబుతారా?" అన్నాడు. బారెడు అన్నాను. మా చెల్లెలికి చిన్న దారంతో కుట్టడం రాదు. అదీ చెప్పాను.

అప్పుడు కనిపించింది. లాయరమ్మ వెనక కూర్చున్న కత్తెర ముఖం తెల్లబోయింది. ఆవిడ గౌను పట్టుకుని లాగుతోంది, చిన్నపిల్ల తల్లి కొంగు లాగినట్టు. చెవిలో ఏదో చెప్పింది. లాయరమ్మ లేచి, జడ్జిగారు స్వయంగా ఇప్పుడే పాత ఔట్‌పోస్టుకు రావాలని కోరింది. సన్నగొంతు తనిఖీ అయిపోయింది కదా అన్నాడు, వృథా ప్రయాస అన్నాడు, రేపు వెళ్దామన్నాడు. రేపు అనే మాట అనకుండా ఉంటే జడ్జిగారు వెళ్ళేవారు కారేమో. ఇప్పుడే అన్నారు.

ఔట్‌పోస్టు తాళం తీయగానే కొత్త రంగు వాసన. మూతపడ్డ గదికి రంగు! గోడలు, తలుపు, కిటికీ ఊచలు, అన్నీ తెల్లగా. మా వీధి బడి పైకప్పు కారుతుంటే పిల్లలు గొడుగులేసుకుని పాఠం వింటారు, దానికి రంగు లేదు. మనుషులెవరూ లేని గదికి మాత్రం ఉంది.

"ఏటా వేయించేదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కత్తెర తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఇక్కడే చూశాను," అంది. "జూన్‌లో. ఈ ఊచకు ఎర్ర దారం కట్టి ఉంది. ఏదో దారం అనుకున్నాను."

ఊచలన్నీ నున్నగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. దానిమీద మధ్యలో చిన్న బుడిపె. రంగేసినవాడు విప్పే ఓపిక లేక పైనుంచే కుంచె లాగేశాడు. కోర్టు గుమాస్తా బ్లేడుతో గీకాడు. తెల్ల పొర కింద ఎరుపు. ఇంకాస్త గీకితే ముడి. రెండు మెలికలు, వెనక్కి దూర్చింది.

"ఇది మీదేనా?" అన్నారు జడ్జిగారు.

ఎంత చెప్పాలనుందో. మూటలు, హెడ్మాస్టరు, బల్లకింద కూర్చుని వాడు ఆ ముడి నేర్చుకున్న రోజులు.

"మాదేనండి," అన్నాను.

ఇంకేమీ రాలేదు నోట.

"ఇంకా చెప్పండి తాతగారూ," అంది కత్తెర, నెమ్మదిగా. "మొత్తం చెప్పండి."

గుమాస్తా బ్లేడు మడిచేదాకా ఆ ముడినే చూశాను.

జూలై 12

నిద్రపట్టక ఆలోచిస్తే ఇంకా మండింది. జూన్ పద్దెనిమిదిన ఆ దారం ఎర్రగా, పైకి కనబడుతూ ఉంది. ఆ అమ్మాయి దాని ముందే నిలబడింది, మా షాపు పోగులు ఇంకా బట్టలకు అంటుకుని ఉండగా. బొత్తాం సంగతి కాగితం మీద ఉండుంటే ఆ రోజే తేలిపోయేది. బొత్తాం మనకొద్దమ్మా.

ఇవాళ వస్తే నాలుగూ దులిపేద్దామనుకున్నాను. పొద్దున్నే వచ్చింది. ఒంటరిగా. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను దాటుకుని చెల్లెలి ఎదుట కింద కూర్చుంది.

"అమ్మా, మళ్ళీ రాస్తాను. మీరు ఎలా చెబితే అలా. ఏదీ తీసేయను."

"ఎక్కణ్ణించి చెప్పను తల్లీ?"

"కుళాయి దగ్గర్నుంచి."

దులపడానికి నాకు అవకాశమే ఇవ్వలేదు ఆ పిల్ల. చెల్లెలు మధ్యాహ్నం దాకా చెప్పింది. కత్తెర చెయ్యి నొప్పెడితే అభ్యంతరం వచ్చి అందుకున్నాడు. ఒక్కసారి కూడా అభ్యంతరం అనలేదు.

జూలై 22

పైకోర్టు. కింది జడ్జిగారి నివేదిక వచ్చింది, తీసుకెళ్ళినది నిజమేనని. సన్నగొంతుకు అన్నయ్యలాంటి ఒక లావుగొంతు లేచి, దేశంలో ఎర్ర దారానికి కరువా అన్నాడు. పెద్ద జడ్జిగారు, దారానికి కరువు లేదు, జవాబుకే కరువుగా ఉంది అన్నారు. వారంలోగా మనిషిని తెచ్చి నిలబెట్టకపోతే పై అధికారే వచ్చి నిలబడాలన్నారు.

బతికి ఉన్నాడా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఇక్కడ కూడా అనడం లేదు.

షట్టరు సగమే. ఉక్కగా ఉంది.

జూలై 28

దొరికాడట. దొరికాడు అనే అంటున్నారు, పోయిన గొడుగు దొరికినట్టు. వేరే ఊరి స్టేషనులో, లిఫ్టు సామాను దొంగిలించిన కేసులో, నిన్ననే అరెస్టు చేశారట. ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడంటే పారిపోయి తిరుగుతున్నాడట. తిరుగుతూ తిరుగుతూ మూతపడ్డ ఔట్‌పోస్టుకు వెళ్ళి, బయట తాళం వేయించుకుని, లోపల కూర్చుని ముడి వేసుకున్నాడు కాబోలు. ఇది కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి కోర్టుకిచ్చారు. సిగ్గు అన్నది ఏ దుకాణంలో దొరుకుతుందో కనుక్కుని వాళ్ళకు పంపాలి.

బతికే ఉన్నాడు.

ఆగస్టు 2

బెయిలు వచ్చింది. వాడూ వచ్చాడు. షట్టరు పూర్తిగా దించాను.

ఆగస్టు 5

పడుకుంటున్నాడు, లేస్తున్నాడు. ఎడమ చెవి వైపు నుంచి పిలిస్తే పలకడు. వేళ్ళు వణుకుతున్నాయి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఒంటిమీద ఎవరిదో వదులు చొక్కా. వాడిది ఏమైందని మేం అడగలేదు. బాగానే ఉన్నాడు. కాస్త నీరసం, అంతే.

ఆగస్టు 12

రేపు వాడు జడ్జిగారి ముందు చెప్పాలి, ఎవరు తీసుకెళ్ళారో, ఏం చేశారో. లిఫ్టు తీగ సంగతి కూడా చెబుతానంటున్నాడు. రిహార్సలు వెయ్యాలా అని అడిగాను. "వద్దు తాతగారూ," అంది కత్తెర. "అన్నయ్య ఎలా చెప్పగలిగితే అలా. మధ్యలో ఆగిపోతే ఆగిపోనీండి. మేం కూర్చుంటాం." అభ్యంతరం నా నల్లగుడ్డ మడతపెట్టి అలమరలో పెట్టాడు.

పిల్లలు వెళ్ళాక వాడు షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. కుడి చెవి వైపు చేరి ఎర్ర దారం మూటల కథ ఎత్తుకున్నాను. వాడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. హెడ్మాస్టరు దాకా లాగాను, అక్కణ్ణించి గుర్రాల వైద్యంలోకి వెళ్ళాను, అక్కణ్ణించి గ్రహాలకు. కావాలనే వెళ్ళాను. వాడు చివరిదాకా విన్నాడు.

చెల్లెలు రేపు వేసుకునే చొక్కా తెచ్చి తొడిగి చూసింది. పై బొత్తాం వదులుగా ఉంది. నా రీలు తీసుకుని దారం ఎక్కించింది. విప్పమనలేదు, ఒంటిమీదే కుట్టింది. వాడు కదలకుండా నిలబడ్డాడు. వంగి దారం కొరికింది. సూది డబ్బాలో పెట్టింది.